సున్నా చూడకుండా ఎక్కిన కాటా

మార్చి 4

ఈ పుస్తకం కొని ఇవాళ్టికి రెండేళ్లు. మొదటి పేజీలో "రోజూ రాయాలి" అని గుండ్రంగా రాసి కింద గీత కూడా గీశాను. రెండో పేజీలో మా ఆవిడ ఎవరిదో ఫోన్ నంబరు రాసుకుంది. అంతే సంగతులు. ఇవాళ్టి నుంచి అలా కాదు.

విషయం ఏమిటంటే, అక్కకి కిడ్నీ ఇవ్వడానికి ఇంటిల్లిపాదిలో పనికొచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. బావ రక్తం గ్రూపు కలవలేదు. నాకు రక్తం, గుండె, ఇంకా పేర్లు నోరు తిరగనివి ఓ పద్దెనిమిది పరీక్షలు చేశారు. అన్నీ కుదిరాయి, పొట్ట ఒక్కటే కుదరలేదు. తొంభై ఒక్క కిలోలు ఉన్నాను. "ఎనభై లోపు రండి, అప్పుడు కోస్తాను," అంది డాక్టరమ్మ. కూరగాయల సంగతి మాట్లాడుతున్నంత మామూలుగా అంది. జులై ఆఖర్లో మళ్లీ తూస్తుంది. అందాకా అక్క వారానికి మూడు రోజులు రక్తం కడిగే ఆ డయాలసిస్ మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకోవాలి.

ఇరవై రెండేళ్లుగా కాటాలు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ఈ ఊళ్లో ఏ కొట్టు కాటా ఎన్ని గ్రాములు అబద్ధమాడుతుందో నాకు కంఠతా వచ్చు. ఒక కాటా నన్ను పట్టుకోవడం ఇదే మొదలు.

పదకొండు కిలోలు, అయిదు నెలలు. నెలకి రెండు కిలోల చిల్లర. నల్లేరు మీద బండి నడక.

మార్చి 5

తీర్మానాలు. పొద్దున్నే అయిదున్నరకి నడక. టీలో పంచదార బంద్. బిస్కెట్లు బంద్. లిఫ్టు బంద్. రోజూ డైరీ.

రాసుకున్నాక చదువుకుంటే నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది. ఆ సంతోషంలో రెండు బిస్కెట్లు తిన్నాను. మొదలు రేపట్నుంచి కదా.

మార్చి 6

నడిచాను. నలభై నిమిషాలు!

మార్చి 7

వాన.

మార్చి 8

వాన లేదు. వస్తుందేమోనని వెళ్లలేదు.

మార్చి 12

కొత్త బూట్లు కావాలి. పాత బూట్లతో నడిస్తే మోకాళ్లు పోతాయని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు. నేనే అనుంటాను.

మార్చి 15

బూట్లు వచ్చాయి. వేసుకుని హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచి చూశాను. బ్రహ్మాండంగా ఉన్నాయి. పెట్టెలో పెట్టేశాను.

ఇవాళ ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మా స్నానాలగదిలో పాత ముల్లు కాటా ఒకటుంది. ఆఫీసుకి ఆలస్యమవుతుందని కొందరు గడియారం పది నిమిషాలు ముందుకి పెట్టుకుంటారు కదా, అలాగే నేను దాని అడుగున మర తిప్పి ముల్లుని రెండు కిలోలు ముందుకి జరిపాను. కాటా ఖాళీగా ఉన్నప్పుడే రెండు చూపిస్తుంది. ఎక్కినప్పుడల్లా పెద్ద అంకె కనబడి భయం వేస్తుంది, భయంతో ఇంకా తగ్గుతాను. అసలు బరువు కావాలంటే రెండు తీసేసి డైరీలో రాసుకోవడమే.

ఇదే పని ఏ కొట్టువాడైనా చేసుంటే అక్కడికక్కడే కాటా సీలు పీకి పైకి రాసిపడేసేవాణ్ణి. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ చేనూ నాదే, కంచే నాదే, అడిగేవాడెవడు?

మార్చి 29

కాటా తొంభై చూపింది. రెండు తీసేస్తే ఎనభై ఎనిమిది. అంటే మూడు కిలోలు తగ్గాను! మొదటి మూడు కిలోలు ఒంట్లో నీళ్లేనట, ఎవరికైనా తగ్గుతాయట. పోనీ, నా నీళ్లైనా నా మాట విన్నాయి.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "అబ్బో, ఆరంభశూరుడు రెండో వారం దాటాడే," అంది. గొంతు నీరసంగా ఉంది, ఇవాళ మిషను రోజు.

ఏప్రిల్ 14

పొద్దున బయల్దేరుతుంటే మా ఆవిడ స్నానాలగది కడుగుతూ పిలిచింది.

"ఏవండీ, మీ కాటా ముల్లు చూశారా, అది..."

"తర్వాత చెప్పవే, బస్సు వెళ్లిపోతుంది."

బస్సు వెళ్లిపోలేదు. స్టాపులో పావుగంట నిలబడ్డాను. సాయంత్రం తనే మర్చిపోయింది. నేను గుర్తుచేయలేదు.

ఏప్రిల్ 15

కాటా ఎనభై ఎనిమిది చూపింది. రెండు తీసేస్తే ఎనభై ఆరు. నిన్న ఎనభై ఎనిమిది ఉన్నాను. రాత్రికి రాత్రి రెండు కిలోలు!

నడక ఫలితం ఇప్పుడు బయటపడుతోంది. నాలుగు రోజులుగా నడవలేదనుకో. అయినా ముందు నడిచినదాని ఫలితం ఆలస్యంగా వస్తుందని ఎక్కడో చదివాను.

మే 10

ఎనభై ఏడు చూపింది, అంటే ఎనభై అయిదు. ఇంకో సంగతి కనిపెట్టాను. వెనకవైపు ఎడమ మూల మీద బరువు వేసి నిలబడితే ఈ కాటా కిలోన్నర తక్కువ చూపిస్తుంది. కాటా ఏదైనా నాలుగు మూలల్లోనూ తూకం రాయి పెట్టి చూడాలి, నాలుగూ ఒకటే చెప్పాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే. ఇంట్లో మాత్రం నాకు ఆ ఎడమ మూలే నచ్చింది.

ఎనభై మూడున్నర అని రాసుకున్నాను.

జూన్ 7

అక్క ఇంటికి వెళ్లాను. అక్క దర్జీ. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతికి ఎక్కువ శ్రమ పెట్టకూడదని ఇప్పుడు కుట్టుపని బాగా తగ్గించేసింది. అయినా మెడలో టేపు మాత్రం తీయదు.

"ఏడు కిలోలు తగ్గానే అక్కా," అన్నాను, పొట్ట లోపలికి పీల్చి.

"ఏదీ, ఇలా రా. ప్యాంటు వదులైపోయుంటుంది, కుదిస్తాను." టేపు నడుం చుట్టూ తిప్పింది. అంకె చూసింది. టేపు చుట్టి మళ్లీ మెడలో వేసుకుంది.

"ఎంతొచ్చింది?"

"వచ్చిందిలే. ఇప్పుడే కుదించొద్దురా. ఇంకా తగ్గుతావుగా, అప్పుడు ఒకేసారి చేద్దాం."

నిజమే. ఎంతైనా దూరదృష్టి మా అక్కది.

బావ టీ తెచ్చాడు. ఆయన రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. కప్పు నా చేతికిచ్చి "పంచదార లేదు," అన్నాడు. రెండు మాటలు నా మీద ఖర్చుపెట్టాడు.

జూన్ 21

ఎదురింటాయన "ఏంటండీ, కాస్త ఒళ్లు చేసినట్టున్నారు?" అన్నాడు. కుళ్లు.

జులై 12

లెక్కప్రకారం ఎనభై మూడు. మరీ దూకుడుగా తగ్గితే మంచిది కాదంటారు. నడక కాస్త తగ్గించాలి. ఇప్పటికే తగ్గించాను.

జులై 27

రేపు ఆస్పత్రి. నిన్న ఎనభై రెండున్నర. రేపు టిఫిన్ మానేసి, బెల్టు తీసేసి, పలచటి చొక్కా వేసుకుంటే సరి, ఎనభై దగ్గర్లోనే ఉంటాను. డాక్టరమ్మ ఆ మాత్రం చూసీచూడనట్టు పోదా?

పొద్దుటి నుంచి చేతులు చల్లగా ఉన్నాయి. ఫ్యాను వల్ల.

జులై 28

ఎనభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు.

"మీ కాటా తప్పు సిస్టర్," అన్నాను.

"నిన్ననే పసిపిల్లల్ని కూడా తూశామండీ, బాగానే ఉంది."

"నేను కాటాల మెకానిక్కుని. తప్పంటే తప్పే."

అక్కడితో ఆగినా మర్యాదగా ఉండేది. అటునుంచటే పనికి వెళ్లాలని సంచిలో రాళ్లు ఉన్నాయి, అయిదు కిలోలవి నాలుగు. వరసలో డజను మంది చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని నాలుగు రాళ్లూ కాటా మీద పేర్చాను. ఇరవై. సరిగ్గా ఇరవై. నాలుగు మూలల్లోనూ పెట్టి చూశాను. ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై. వెనకాల ఒక పెద్దాయన తన పక్కవాడితో "ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి చూశాను గానీ, మద్దెల విప్పి చూసేవాణ్ణి ఇప్పుడే చూడ్డం," అన్నాడు. వరస వరసంతా నవ్వింది.

అప్పటికీ బుద్ధి రాలేదు. సీలు ఎవడేశాడో తేలుద్దామని కాటా పక్కకి తిప్పాను. వెనక చీటీ ఉంది. ఫిబ్రవరిలో పరీక్షించి సరిచేసినట్టు రాసుంది. కింద సంతకం. నా సంతకం నాకు తెలియకపోతుందా?

డాక్టరమ్మ లోపలికి పిలిచి మాట్లాడింది. అక్క చేతి నరం మూసుకుపోతోందట. ఇంకో చోట సూది పెట్టడం మొదలుపెడితే ఇబ్బందులు ఎక్కువట. అక్టోబరు ఒకటి దాకా ఆగుతానంది. ఆ తర్వాత అక్క పేరు మామూలు వరసలో రాస్తారు. ఆ వరస కదలాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకా ఏదో చెప్పింది. గుర్తులేదు.

జులై 29

రాయడానికేం లేదు.

జులై 30

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా దీనికీ అబద్ధం చెప్పానంటే నేను మామూలు మనిషిని కాదు.

మన కాటా రెండు ఎక్కువ చూపిస్తుంది కదా అని నిన్న నేనంటే మా ఆవిడ ఆశ్చర్యపోయింది. "అదేంటండీ, ఆరోజు ముల్లు రెండు మీద ఉందని నేనే తిప్పి సున్నాకి పెట్టానే. పాపం ఇంత కష్టపడుతున్నారు, ఎక్కువ చూపిస్తే అన్యాయం కదా అనుకున్నా. మీకు చెప్పబోయాను కూడా."

తెలుసు. ఏప్రిల్ పదిహేనునే తెలుసు. కాటా ఎక్కేముందు సున్నా చూడాలి. ఇరవై రెండేళ్లుగా కొట్టు కొట్టుకీ తిరిగి ఊదరగొట్టే మొదటి మాట అదే. ఆ పొద్దున ముల్లు సున్నా మీద కూర్చుని ఉండడం చూశాను. చూసి, పైకప్పు వైపు తల ఎత్తి, ఎక్కాను. ఆ మర్నాటి నుంచి సున్నా చూడడమే మానేశాను. లేని రెండు కిలోలు రోజూ తీసేసుకుంటూ మూడున్నర నెలలు గడిపాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి నయం. దానికి పాలైనా దక్కుతాయి.

డాక్టరమ్మ చెప్పింది కూడా గుర్తుంది, ప్రతి అక్షరం. తలుపు వేసి అంది, "మీకు ఇవ్వాలని లేకపోతే నాతో చెప్పండి. పరీక్షల్లో సరిపోలేదని మేమే ఇంట్లోవాళ్లకి చెప్తాం. కారణం ఎవరికీ తెలియనివ్వం. అలా అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, అందులో తప్పేం లేదు."

ఛీ ఛీ, అదేం మాట అనాలి కదా నేను? అనలేదు. "ఆలోచించి చెప్తాను," అన్నాను. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. అయిదు నెలల్లో నిజంగా బరువు తగ్గినట్టనిపించింది ఆ పది నిమిషాలే.

నాకు భయం. కత్తంటే భయం. మత్తిచ్చాక మళ్లీ లేస్తానో లేదోనని భయం. మిగిలిన ఒక్కటీ పాడైతే అక్కలాగా నేనూ ఆ మిషను పక్కన పడుకోవాలని భయం. పొట్ట తగ్గకపోతే ఆ మాట ఎవరికీ చెప్పక్కర్లేదు. పాపం ప్రయత్నించాడు, తగ్గలేకపోయాడు, అనుకుంటారు. అందుకే బిస్కెట్లు అంత రుచిగా ఉన్నాయి.

ఆగస్టు 1

అక్క దగ్గరికి వెళ్లాను. అన్నీ చెప్పేశాను. ముల్లు, మూల, డాక్టరమ్మ మాట, మెట్ల మీద తేలిక, అన్నీ. చెప్తున్నంతసేపూ అక్క ఒక చొక్కాకి గుండీ కుడుతోంది. తలెత్తలేదు.

"నడుం అంగుళం కూడా తగ్గలేదని నాకు జూన్లోనే తెలుసురా," అంది. "టేపు నా మెడలోనే ఉంటుంది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను." దారం పళ్లతో తెంపింది. "నీకు భయం లేదని ఎవరన్నార్రా? ఇంజెక్షన్ ఇస్తారని బడిలో కిటికీ దూకి పారిపోయి వచ్చినవాడివి. భయమైతే వద్దను. ఇవాళే అను. నేనొక్క మాట అంటే నా మీదొట్టు. మీ బావా ఏమనడు, ఆయన అసలు ఏమంటాడు గనక. కానీ వస్తా వస్తా అని రాకుండా ఉండకురా. ఆ మిషను మీద నాలుగు గంటలు పడుకోగలను. నీ కోసం ఎదురుచూడ్డం మాత్రం నావల్ల కావట్లేదు."

చొక్కా ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఈ జబ్బు వచ్చాక అక్క ఏడవగా నేను చూడలేదు. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద నుంచి పడేసినప్పుడు కూడా నేనే ఏడ్చాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

"భయమేస్తోందక్కా. అయినా ఇస్తాను," అన్నాను.

"ఏడిస్తే బరువు తగ్గదు. లేచి నడు," అంది ముక్కు తుడుచుకుంటూ.

ఆగస్టు 2

కాటా షాపుకి తీసుకెళ్లాను. విప్పి, ఎడమ మూల స్ప్రింగు మార్చి, సున్నాకి పెట్టి, రాళ్లతో నాలుగు మూలలూ చూశాను. తర్వాత మర తిరక్కుండా తీగ చుట్టి సీసం బిళ్ల తగిలించాను. కొట్ల కాటాలకి అలాగే చేస్తాం, సీలు తెగితే యజమాని వేలు పెట్టాడని తెలిసిపోతుంది. దాన్ని అచ్చు పటకారుతో నొక్కాలి. నన్ను నేను నమ్మను కాబట్టి పటకారు ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను. రెండు చేతులతో కసిగా నొక్కింది.

"ఇంతకాలం నన్ను వెధవని చేశారన్నమాట," అంది.

"నిన్ను కాదు, నన్నే."

"అది కొత్తగా చేయాలా ఏం?"

ఎనభై ఆరున్నర.

ఆగస్టు 3

అయిదున్నరకి తలుపు తీస్తే గేటు దగ్గర బావ. అక్క పంపిందట. గంటసేపు నడిచాం. గంటలో "ఇటు" అని ఒకసారి, "కుక్క" అని ఒకసారి అన్నాడు.

ఆగస్టు 4

బావ.

ఆగస్టు 5

వాన. గొడుగుతో బావ. ఒకటి కాదు, రెండు గొడుగులు తెచ్చాడు, మహానుభావుడు.

ఆగస్టు 19

ఎనభై అయిదు. పదిహేడు రోజులకి కిలోన్నర. రోజూ గంట నడిచి, పంచదార మానేసి, కిలోన్నర! ఏప్రిల్లో ఒక్క రాత్రిలో రెండు తగ్గిన మొనగాణ్ణి కదా నేను. ఆ వైభవం మళ్లీ రాదు.

ఆగస్టు 30

షాపులో ఎవరిదో పుట్టినరోజు. కేకు. తిన్నాను. రెండు ముక్కలు. రాసేశాను, ఇక ఉమ్మేయలేను.

సెప్టెంబరు 11

ఎనభై రెండు కిలోల రెండు వందలు. నడకలో బావ ఉన్నట్టుండి ఆగాడు. "నా గ్రూపు కలిసుంటే నేనే ఇచ్చేవాణ్ణి," అన్నాడు. కాసేపటికి, "నీ మీద పడింది. ఏమనుకోకు," అన్నాడు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అలాగే పార్కు చుట్టూ ఇంకో రెండు చుట్లు తిరిగాం.

సెప్టెంబరు 20

అక్కకి చేతి నరం మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం పెట్టారు. టేపు వేసుకోవడానికి అడ్డొస్తోందని విసుక్కుంటోంది.

ఎనభై ఒకటిన్నర. ఇంకా కిలోన్నర. రోజుకి గంటన్నర నడుస్తున్నాను. లిఫ్టు ఎక్కి నెలన్నర దాటింది. వెధవది, ఇదంతా మార్చిలో చేసుంటే ఆ గొట్టం పడేదే కాదు. ఈ ముక్క అక్కతో అంటే "పడింది కదా, ఇప్పుడు నడు" అంటుంది. అందుకే అనలేదు.

సెప్టెంబరు 30

ఎనభై కిలోల వంద గ్రాములు. సీలు చూశాను, భద్రంగా ఉంది. ముల్లు సున్నా మీద ఉంది. మళ్లీ ఎక్కాను. ఎనభై కిలోల వంద గ్రాములు.

అక్టోబరు 1

డెబ్భై తొమ్మిది కిలోల ఆరు వందలు. ఆస్పత్రి కాటా. సిస్టరు నన్ను చూడగానే "రాళ్లు తెచ్చారా?" అంది.

డాక్టరమ్మ మళ్లీ తలుపు వేసింది. "ఇప్పుడైనా చెప్పొచ్చు. భయంగా ఉందా?"

"చాలా ఉందండీ."

"ఇస్తారా?"

"ఇస్తానండీ."

కాగితం నా ముందుకి తోసింది. సంతకం వంకరగా వచ్చింది. ఇలాంటి సంతకం మీద ఏ కాటాకీ సీలు వేయనివ్వరు. ఆవిడ తీసుకుని ఫైల్లో పెట్టుకుంది.

అక్టోబరు 8

రేపే. ఆస్పత్రిలో చేరాను. మా ఆవిడ పొద్దుటి నుంచి సంచి సర్దుతోంది, సర్దినది తీసి మళ్లీ సర్దుతోంది. నేను కాసేపు కిటికీ వైపు చూశాను. నాలుగో అంతస్తు.

అక్టోబరు 11

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు ఎటు పోతాయో తెలియదు. బతికే ఉన్నాను. లేవగానే అదే మాట మా ఆవిడతో అన్నానట. "ఆ, కనబడుతోంది," అందట.

నిన్న పొద్దున బావ వార్డులోకి పరిగెత్తుకొచ్చాడు. పరిగెత్తడం! ఒక కాలికి చెప్పు కూడా లేదు.

"మీ అక్క ఒంటికి పోసిందయ్యా!" అని అరిచాడు. "సంచిలోకి వచ్చింది! మూడొందల యాభై! ఏడు నెలలైందయ్యా చుక్క చూసి!"

అన్ని మంచాల మీద వాళ్లూ తలలెత్తారు. నర్సు "ఏమండీ, ఇది ఆస్పత్రి," అంది. "మూడొందల యాభై మిల్లీలీటర్లు సిస్టర్," అన్నాడు బావ, ఆవిడ సరిగా వినలేదనుకుని. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి, ఆ నొప్పికి ఏడుపొచ్చింది, ఏడిచినా కుట్లే లాగాయి. మా ఆవిడ దిండు నా పొట్టకి అదిమిపట్టి తనూ ఏడ్చింది. అక్కడి నుంచి గంట గంటకీ బావ వచ్చి అంకె చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నానికి పన్నెండొందలు. సాయంత్రానికి అంకెలు చెప్పడానికి గొంతు పోయింది ఆయనకి.

ఇందాక మళ్లీ వచ్చాడు. అంకె చెప్పలేదు. మంచం అంచున కూర్చున్నాడు.

"మీ అక్క నిన్నొకటి అడిగి రమ్మంది. నొప్పిగా ఉందా అని. నిజం చెప్పమంది."

చాలా నొప్పిగా ఉందని చెప్పమన్నాను.